పెరిగిన మనోవర్తి ఎలా కట్టానో చెబుతాను

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక సోదరుడు రాసింది చదివాను. కోర్టు పిల్లల మనోవర్తి పెంచిందని, తన సంపాదనతో అది కుదరదని, నెల రోజులు జైల్లో కూర్చుంటే బాకీ పోతుందని తెలిసినవాళ్లు చెబితే తానూ అదే ఆలోచిస్తున్నానని ఆయన రాశారు. ఆ పేపరు మూడు రోజులు నా షాపు టేబుల్ మీదే ఉంది. ఆయనకు జవాబు రాయాలని రెండుసార్లు కూర్చున్నాను, గిరాకీ వచ్చి లేచాను. ఈ రోజు ఆదివారం, షాపు మూసి రాస్తున్నాను.

నేను వరంగల్ కరీమాబాద్‌లో ఉంటాను. మోటార్ వైండింగ్ పని. బోరు మోటార్లు, మోనోబ్లాకులు, కూలర్ మోటార్లు కాలిపోతే కొత్త తీగ చుట్టి ఇస్తాను. వయసు 42. నాకూ నా భార్యకూ పొసగక 2019లో విడిపోయాం. తప్పు ఎవరిదని ఇక్కడ రాయను. పాపకు ఇప్పుడు 14 ఏళ్లు, బాబుకు 10. ఇద్దరూ వాళ్ల తల్లి దగ్గర కరీంనగర్‌లో ఉంటారు. 2020లో కోర్టు ఒక్కొక్కరికి 3,000 చొప్పున నెలకు 6,000 కట్టమంది. కట్టాను. 2022 జులైలో పిల్లల తల్లి మనోవర్తి పెంచమని పిటిషన్ వేసింది. 2023 సెప్టెంబరులో ఒక్కొక్కరికి 5,500 చొప్పున 11,000 చేశారు. అదీ తీర్పు వచ్చిన రోజు నుంచి కాదు, పిటిషన్ వేసిన నెల నుంచి. అంటే 14 నెలలకు నెలకు 5,000 చొప్పున 70,000 పాత బాకీ ఒక్కసారిగా నెత్తిన పడింది.

తీర్పు కాగితం ఇంగ్లిషులో ఉంది. వకీలు దగ్గరి గుమస్తా దాన్ని చదివి 70,000 అని చెప్పినప్పుడు నాకు చెవులు దిమ్మెక్కాయి. కోర్టు బయట చెట్టు కింద చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు నన్ను ఎవరైనా "జైలుకు పో, తీరిపోతుంది" అని ఉంటే నేనూ నమ్మేవాడినేమో. అందుకే ఆ సోదరుడి మీద నాకు కోపం లేదు.

కానీ ఆ మాట తప్పు. జైలు అనేది కట్టించడానికి పెట్టిన దారి. కట్టకుండా ఉన్న ఒక్కో నెలకు నెల రోజుల దాకా జైలు వేయవచ్చని చట్టంలో ఉంది, ముందే కడితే ముందే వదులుతారు. శిక్ష అనుభవించి బయటికి వచ్చినా ఆ డబ్బు అలాగే ఉంటుందని సుప్రీంకోర్టు ఎన్నడో చెప్పింది. పైగా లోపల ఉన్న నెలకు కొత్త నెల మనోవర్తి కూడా కలుస్తుంది, షాపు మూతపడుతుంది, గిరాకీ పక్క షాపుకు పోతుంది. నాకు తెలిసిన ఒకాయన ఇంకో దారి పట్టాడు. ఫోను నంబరు మార్చి గల్ఫ్ పోయాడు. నెలకు 8,000 కట్టాల్సింది, మూడేళ్లు కట్టలేదు. తండ్రి చనిపోతే తిరిగి వచ్చాడు, వారంట్ ఇంటికి వచ్చింది. 2,88,000 లెక్క చూపించారు. దినాలు కాకముందే వకీళ్ల చుట్టూ తిరిగాడు.

ఇంకొందరు ఉద్యోగం మానేసినట్టు చూపించమంటారు. నాకూ అలాంటి సలహాలు వచ్చాయి. "నీకు జీతం కాగితం లేదు కదా, నెలకు ఎనిమిది వేలే వస్తాయని రాయి" అన్నారు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, ఖర్చులు, అప్పులు అన్నీ అఫిడవిట్‌లో ప్రమాణం చేసి రాయాలి. 2022లో మరో తీర్పులో ఒళ్లు బాగున్న మగవాడు కూలి చేసైనా భార్యను, పిల్లలను పోషించాలని అదే కోర్టు చెప్పింది. నేను అఫిడవిట్‌లో ఉన్నదే రాశాను. ఏడాది మొత్తం మీద సగటు చేస్తే షాపు అద్దె పోను నెలకు 28,000. ఇంటి అద్దె 3,500. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఆమె షుగరు, బీపీ మందులు నెలకు 1,400. ఇవన్నీ రాసి ఇచ్చాను.

అసలు విషయం ఇక్కడుంది. పిటిషన్ కాపీ మొదట నా చేతికి వచ్చినప్పుడు నేను దాన్ని చదవలేదు. కోపంతో మడిచి షాపులో స్టార్టర్ డబ్బాల వెనక పడేశాను. అంతకు ముందు ఎనిమిది నెలలుగా పిల్లల దగ్గరికి కూడా పోలేదు. నెలకు 6,000 పంపిస్తున్నాను కదా, ఇంకేం కావాలి అనే మొండితనం. అఫిడవిట్ రాయడానికి వకీలు ఆ కాగితాలు తెమ్మంటేనే తీసి చదివాను. అందులో పిల్లల ఖర్చులు వరుసగా రాసి ఉన్నాయి, బిల్లులు కూడా జతచేశారు. నాలుగో బిల్లు కళ్లద్దాల షాపుది. మా పాప పేరు మీద 1,800.

నా బిడ్డకు చూపు తగ్గిందని, కళ్లద్దాలు పెట్టుకుని బడికి పోతోందని నాకు కోర్టు కాగితం ద్వారా తెలిసింది.

ఆ రాత్రి ఆ పట్టీని ముందర పెట్టుకుని లెక్క వేశాను. ఇద్దరి స్కూలు ఫీజు ఏడాదికి 54,000, అంటే నెలకు 4,500. వ్యానుకు 1,600. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు నెలకు పంచితే 900. రోజుకు లీటరు పాలు, 1,800. ఇద్దరి తిండికి 4,000. జ్వరాలకు, దగ్గులకు 500. ఇంటి అద్దె 5,000లో పిల్లల సగం 2,500. కలిపితే 15,800. ఇందులో ఏది కొట్టేయాలా అని పెన్ను పట్టుకుని చూశాను. పాలు కొట్టేయాలా? వ్యాను తీసేసి బాబును రెండు కిలోమీటర్లు నడిపించాలా? నేను ఇస్తున్నది 6,000. మిగతా 9,800 ఎవరు పెడుతున్నారు? బట్టల షాపులో ఆమె జీతమే 9,500. అంటే ఆమె జీతం మొత్తం పిల్లలకే పోయినా ఇంకా 300 తక్కువ. ఆమె తిండి, బట్ట వాళ్ల అన్నయ్య చూస్తున్నాడన్నమాట. నా పిల్లల పాల డబ్బులు నా బావమరిది జేబులోంచి పోతున్నాయి.

మనోవర్తి డబ్బు తల్లులు సొంతానికి వాడుకుంటారని ఆ లేఖలో ఉంది. వాడుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటే ఉండొచ్చు. నా లెక్కలో మాత్రం అందులో వాడుకోవడానికి ఏమీ మిగలదు. 11,000 అయినా మిగతా 4,800 ఆమే పెట్టాలి. వండిపెట్టడం, హోంవర్కు, రాత్రి జ్వరం వస్తే మేల్కొని ఉండటం వీటికి ఎవరూ రేటు కట్టలేదు.

ఇక డబ్బు ఎలా వచ్చిందో చెబుతాను. ఆ సోదరుడికి కావలసింది ఇదే అనుకుంటున్నాను.

ముందుగా వకీలుతో 70,000 ఒక్కసారి కట్టలేనని అర్జీ పెట్టించాను. నెలకు 10,000 చొప్పున ఏడు వాయిదాలు ఇచ్చారు. ఈ మాట చాలామందికి తెలియదు. బాకీ ఎక్కువైతే భయపడి కోర్టుకు పోవడం మానేస్తారు, పోయి అడిగితే వాయిదాలు దొరకవచ్చు. 2023 అక్టోబరు నుంచి 2024 ఏప్రిల్ దాకా నెలకు 11,000, 10,000 కలిపి 21,000 కట్టాలి. నా 28,000 సగటే తప్ప నెల నెలా అంత రాదు. యాసంగిలో, అంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా, నీళ్లు లోతుకు పోయి మోటార్లు ఒట్టిగా తిరిగి కాలిపోతాయి, ఓల్టేజీ తగ్గి కాలిపోతాయి, అప్పుడు నాకు ఊపిరి సలపదు. వానలు మొదలయ్యాక జులై, ఆగస్టులో వారానికి రెండు మోటార్లు వస్తే గొప్ప. మనోవర్తికి యాసంగి, వానాకాలం అని ఉండదు. ప్రతి నెలా పదో తారీఖు వస్తుంది.

మొదటి నెల నేను చేసిన పని తప్పు పని. గిరిగిరి ఫైనాన్స్ దగ్గర 20,000 తీసుకున్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, 20,000 అని రాసుకుని చేతికి 17,000 ఇస్తారు. రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం ఏడు కాగానే పిల్లగాడు బండి మీద వచ్చి షాపు ముందు నిలబడతాడు. 3,000 వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతుంటాం కాబట్టి వంద రోజుల్లో సగటున నా దగ్గర ఉన్నది 8,500 మాత్రమే. దాని మీద 3,000 అంటే నెలకు నూటికి పది రూపాయల వడ్డీ దాటింది. మధ్యలో మొత్తం కట్టేద్దామన్నా ముందే కోసుకున్న 3,000 వెనక్కి రావు. ఈ లెక్క నాకు ఆ గిరిగిరి అప్పు సగం కట్టాక ఒక రాత్రి తెలిసింది.

నవంబరులో మా అమ్మ తన కమ్మలు తీసి నా ముందు పెట్టింది. "గా గిరిగిరోని దగ్గరికి పోకు కొడకా. ఇవి నా చెవులకు లేకపోతే ఏమైతది, పిల్లల నోటికాడ కూడు ఆగొద్దు" అంది. అవి మా నాయన చేయించినవి. మా నాయన ఆజంజాహి మిల్లు కార్మికుడు, రాత్రి షిఫ్టులు చేసి ఐదుగురిని సాకిన మనిషి. నాకు తీసుకోవడానికి చేయి రాలేదు. రెండు రోజుల తర్వాత తీసుకుని బ్యాంకులో కుదువపెట్టాను. 22,000 ఇచ్చారు. ఆరు నెలలకు అయిన వడ్డీ 1,300 చిల్లర. 17,000కు వంద రోజుల్లో 3,000 ఎక్కడ, 22,000కు ఆరు నెలల్లో 1,300 ఎక్కడ! ఇంట్లో అర తులం బంగారం ఉన్నవాళ్లు దయచేసి ముందు బ్యాంకుకు పోండి. ఏప్రిల్ ఆఖరులో కమ్మలు విడిపించి అమ్మ చేతిలో పెట్టాను.

అప్పు నెల దాటిస్తుంది, అంతే. సంపాదన పెరగాలి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి రావడం మొదలైతే చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులు, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లులు, రాత్రింబవళ్లు నడుస్తాయి. మిల్లులో ఒక మోటారు ఆగితే లైను మొత్తం ఆగుతుంది, అందుకని రాత్రికి ఒక ఎలక్ట్రీషియన్ తప్పనిసరి. నాకు పాత గిరాకీ అయిన ఒక మిల్లు మేనేజరును అడిగాను. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా, రాత్రికి 550. నెలకు 26 రాత్రులు చేస్తే 14,300. నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా చేశాను. పొద్దున ఆరున్నరకు పడుకుని పదిన్నరకు లేచి పదకొండుకు షాపు తెరిచేవాడిని. దూది దుమ్ము ముక్కులోకి, గొంతులోకి పోయి డిసెంబరంతా దగ్గాను. గుడ్డ కట్టుకుంటే చెమటకు ఊపిరాడదు. తర్వాత డాక్టరు చెప్పిన మాస్కు కొనుక్కున్నాను, ఆ పని మొదటి రోజే చేయాల్సింది. ఈ పనికి వెళ్లేవాళ్లు మాస్కు డబ్బులు ముందే లెక్కలో రాసుకోండి.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర జరిగింది. దానికి ముందు నుంచే తాత్కాలిక లైట్లు, పంపులు, లైన్ల పని ఉంటుంది. ఒక కాంట్రాక్టరు దగ్గర 12 రోజులు రోజుకు 1,000 చొప్పున పోయాను. జంపన్నవాగు దగ్గర నీళ్ల పంపులు చూసేవాళ్లలో నేనూ ఒకడిని. సమ్మక్క, సారలమ్మ తల్లులకు నిలువెత్తు బంగారం, అంటే మన బరువంత బెల్లం, ఇద్దామంటే చేతిలో డబ్బు ఆడలేదు, ఒక కిలో బెల్లం మాత్రం ఇచ్చాను. మార్చి, ఏప్రిల్ యాసంగి మోటార్లతోనే గడిచింది. ఏడో వాయిదా ఏప్రిల్ 9న కట్టాను. ఆ రసీదును లామినేషన్ చేయించి దాచుకున్నాను.

అప్పుడూ, ఆ తర్వాతా నాకు పనికిరాని పనులు కూడా చెప్పాలి. సెకండ్‌హ్యాండ్ ఆటో ఫైనాన్స్‌లో తీసుకోమని కొందరు అన్నారు. కాజీపేట స్టేషన్ దగ్గర ఆటో నడిపే నా మిత్రుడు వద్దన్నాడు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక తన గిరాకీ బాగా పడిపోయిందని, కిస్తీ కట్టడానికే సరిపోవడం లేదని చెప్పాడు. మా అమ్మకూ, పిల్లల తల్లికీ ఆ బస్సు వల్ల మేలే జరుగుతోంది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ సమయంలో ఆటో కొనడం నాకు మంచిది కాదని తేలింది.

2024 జులైలో షాపులో పని తగ్గాక సాయంత్రాలు ఆరు నుంచి పదకొండు దాకా బండి మీద పార్సిళ్లు చేరవేసే పనికి చేరాను. మొదటి నెల 9,400 వచ్చాయి. చాలా సంతోషపడ్డాను. నెలాఖరున నోటుబుక్కులో రాసుకున్నవి కూడితే పెట్రోలు 3,300, చైను, బ్రేకులు, ఫోను డేటా కలిపి 1,100. మిగిలింది 5,000. దాదాపు 125 గంటలు తిరిగితే గంటకు 40 రూపాయలు. ఆగస్టులో వానలో హంటర్ రోడ్డు మీద జారిపడ్డాను. ఫోను అద్దానికి 2,600 పోయింది, మోకాలు వాచి నాలుగు రోజులు షాపు తెరవలేదు. అంతటితో మానేశాను. ఆ పని చేసుకునే తమ్ముళ్లను తక్కువ చేయడం లేదు. చేతికి వచ్చింది చూసి సంబరపడకుండా, ఖర్చులు పోను ఎంతో రాసుకోమని చెబుతున్నాను.

నాకు నిలబడిన దారి వేరే చోట దొరికింది. హన్మకొండలో సుబేదారి, నయీంనగర్ వైపు ఎన్నో అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ప్రతిదానికీ బోరు మోటారు, పైట్యాంకు మోటారు ఉంటాయి. అది ఆగిన రోజు పొద్దున ఆరింటికి ఇరవై ఇళ్లకు నీళ్లుండవు, మెకానిక్ కోసం వెతుకులాట. నేను ఒక్కో అపార్ట్‌మెంటుకు పోయి, నెలకు 300 ఇవ్వండి, నెలకోసారి వచ్చి ప్యానెల్ బోర్డు, కేబులు, మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూసిపోతాను, ఆగిపోతే గంటన్నరలో వస్తాను, స్పేర్ పార్టులు మాత్రం మీవి అని చెప్పాను. మొదటి నెల ముగ్గురే ఒప్పుకున్నారు. ఇప్పుడు 14 అపార్ట్‌మెంట్లు. నెలకు 4,200. కోర్టు పెంచింది 5,000. నెల నెలా తప్పకుండా కట్టాల్సిన దానికి నెల నెలా తప్పకుండా వచ్చే డబ్బు దొరికేసరికి నాకు సగం టెన్షన్ పోయింది. కొత్త పని నేర్చుకోలేదు, ఉన్న పనినే వాన పడినా ఆగని చోటికి తీసుకుపోయాను.

రెండోది, వేరే బ్యాంకు ఖాతా తెరిచాను. యాసంగిలో వచ్చే ప్రతి మోటారు మీద 300 అదే రోజు అందులో వేస్తాను. ఐదు హెచ్‌పీ మోటారుకు తీగ ఖర్చు పోను నాకు మిగిలేది 1,500 వరకు ఉంటుంది, అందులోంచి 300 పిల్లలవి. నెలకు పాతిక మోటార్లు వస్తే 7,500. నాలుగు నెలలకు 30,000 జమవుతుంది. వానాకాలంలో దాన్ని తీసి కడతాను. ఆ ఖాతా ఏటీఎం కార్డు మా అమ్మ దగ్గర ఉంటుంది, పెట్టె తాళంతో పాటు.

మూడో మాట. డబ్బు ఎప్పుడూ చేతికి ఇవ్వకండి. 2021లో రెండు నెలలు నేను 6,000 చొప్పున బంధువు చేతికి ఇచ్చి పంపాను, రసీదు లేదు. అతను ఇచ్చాడో లేదో దేవుడికి తెలియాలి. ఆ 12,000 నేను కట్టినట్టు రుజువు చేయలేక మళ్లీ కట్టాను. పండక్కి బట్టలు, సైకిల్ కొనిస్తే అవి నాన్న ప్రేమ కిందికి వస్తాయి, మనోవర్తి లెక్కలోకి రావు. పిల్లల తల్లి ఖాతాకే పంపి, ఏ నెలదో అందులోనే రాయాలి.

నిజంగానే కట్టలేని పరిస్థితి వస్తే? ఉద్యోగం పోవచ్చు, చేయి విరగొచ్చు. పరిస్థితి మారితే మొత్తాన్ని మార్చమని అడిగే హక్కు చట్టంలో ఇద్దరికీ ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 127వ సెక్షన్. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 146. పెంచమని ఆమె అడిగింది అదే సెక్షన్ కింద, తగ్గించమని నేను అడగాలన్నా అదే. ఆస్పత్రి కాగితమో, ఉద్యోగం తీసేసిన కాగితమో పట్టుకుని పోవాలి. కోర్టు మార్చేదాకా పాత మొత్తం కడుతూనే ఉండాలి, మనంతట మనం తగ్గించుకోకూడదు. వకీలుకు డబ్బులు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మాలాంటి మగవాళ్లకు ఆదాయ పరిమితి లోపు ఉంటే ఇస్తారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

సంపాదకులు గారూ, ఇక్కడ నాది ఒక విన్నపం ఉంది. నేను కోర్టులో చూసిన తండ్రుల్లో చాలామంది హమాలీలు, డ్రైవర్లు, మేస్త్రీలు, నాలాంటి మెకానిక్కులు. తీర్పు కాగితం చదవలేరు. నెలకు ఎంత, ఏ నెల నుంచి, పాత బాకీ మొత్తం ఎంత, ఏ ఖాతాలో వేయాలి, వాయిదాలు ఎలా అడగాలి అనే ఐదు విషయాలు ఒక తెలుగు కాగితం మీద రాసి తీర్పుతో పాటు చేతిలో పెడితే చాలు. న్యాయసేవాధికార సంస్థవారు కోర్టు ఆవరణలో ఒక టేబుల్ వేసి, కట్టాల్సిన మనిషితో పావుగంట కూర్చుని అతని ఆదాయం, ఖర్చు రాయించి, ఎలా కడతాడో ఆలోచింపజేస్తే ఎంతోమంది గిరిగిరి దాకా పోరు, ఫోన్లు బంద్ చేసుకోరు. పిల్లలకూ నెల నెలా డబ్బు అందుతుంది. మీ పత్రిక ఈ సంగతి సంబంధిత అధికారుల దృష్టికి తీసుకుపోవాలని కోరుతున్నాను. బడులు జూన్‌లో తెరుస్తారు. ఫీజుల, పుస్తకాల నెల అది. తల్లులు బ్యాంకు మెసేజ్ కోసం ఫోను చూసుకునే నెల.

ఇప్పుడు నేను ప్రతి నెలా మొదటి ఆదివారం హన్మకొండ బస్టాండ్‌లో పొద్దున ఏడింటి కరీంనగర్ బస్సు ఎక్కుతాను. మొదటిసారి పోయినప్పుడు పాప నాతో సరిగా మాట్లాడలేదు. ఎనిమిది నెలలు రాని తండ్రితో ఏం మాట్లాడుతుంది? బాబు మాత్రం నా చేతులు పట్టుకుని చూశాడు, వార్నిష్ మరకలు ఎందుకు పోవని అడిగాడు. కొన్ని నెలల తర్వాత, నేను మిల్లు డ్యూటీ దిగి నేరుగా పోయిన రోజు, కుర్చీలోనే నిద్రపోయానట. లేచేసరికి పాప పక్కన కూర్చుని ఉంది. "డాడీ, నువ్వు రాత్రిళ్లు పండుకోవా?" అంది. కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతున్నాయి, వెనక్కి నెట్టుకుంటూ అడిగింది. ఆ రోజు నుంచి కొంచెం కొంచెం మాట్లాడుతోంది. లెక్కల్లో బాగా మార్కులు వస్తాయి తనకు. గిరిగిరి వడ్డీ లెక్కను తనతో వేయించాను, పది రూపాయలు దాటిందని తనే తేల్చింది. "ఎవరైనా ఇట్ల తీసుకుంటరా డాడీ?" అంది. తీసుకున్నది నేనేనని చెప్పాను.

ఆ లేఖ రాసిన సోదరుడు పేరు రాయలేదు, ఊరు పరకాల అని మాత్రం ఉంది. అన్నా, మీకు ఏ పని వచ్చో నాకు తెలియదు. కరెంటు పని తెలిసినా, తెలియకపోయినా అక్టోబరులో పత్తి మొదలయ్యే ముందు మిల్లుల్లో రాత్రి డ్యూటీలకు మనుషులను తీసుకుంటారు. నాకు ఇద్దరు మేనేజర్లు తెలుసు, నేను వచ్చి మాట్లాడతాను. అప్పటిదాకా నా షాపులో మధ్యాహ్నాలు పాత తీగ విప్పే పని ఉంటుంది, రోజుకు ఎక్కువ ఇవ్వలేను గానీ ఇవ్వగలిగింది ఇస్తాను. ముందు మీ కోర్టులో వాయిదాల అర్జీ పెట్టండి, ఆ అర్జీ ఎలా ఉంటుందో నా కాపీ చూపిస్తాను.

పిల్లల కోసం నా పేరు అచ్చు వేయవద్దని సంపాదకులను కోరుతున్నాను. పేరు, షాపు అడ్రసు, ఫోను నంబరు వేరే కాగితం మీద రాసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆ సోదరుడు మీ ఆఫీసుకు వచ్చి అడిగితే ఆయనకు ఇవ్వండి.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్,
కరీమాబాద్, వరంగల్.